అరువు ఆధార్

చైతన్యపురి మెట్రో మెట్లు దిగి కుడిపక్కకి తిరిగితే, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఊపిరాడక నక్కి ఉన్న చిన్న బోర్డు నాది. ప్రసన్న జిరాక్స్, టైపింగ్, ఆన్‌లైన్ దరఖాస్తులు. ప్రసన్నకుమార్ అంటే నేనే. హాల్‌టికెట్ల కోసం పిల్లలొస్తారు, అగ్రిమెంట్ల కోసం హాస్టల్ ఓనర్లొస్తారు, నేను నోరు విప్పగానే ఎందుకొచ్చామా అనుకుంటారు. మాట కనబడితే చాలు, దాన్ని పుటుక్కున విరిచి లోపల ఏముందో చూడడం నా జబ్బు. దానికి మందు లేదని మా ఆవిడ విజయదుర్గ ఇరవయ్యేళ్ళ కిందటే తేల్చి చెప్పింది.

రెండువేల ఇరవై రెండు ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కృష్ణకుమారి వచ్చింది. నా షాపు వెనక సందులో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. అంతకుముందు ఆ గరిటె ఆమె భర్త శేఖర్‌ది. నల్గొండ జిల్లా నుంచి వచ్చి, పదేళ్ళు ఆ హాస్టల్ పిల్లలకి ఉప్మా మీద విరక్తి కలగకుండా చూసుకున్న మహానుభావుడు. ముందు ఏడాది మే నెలలో కరోనాతో పోయాడు.

"అన్నా, కరోనాతోని పోయినోళ్ళ ఇండ్లకు సర్కారు యాభై వేలు ఇస్తున్నదంట గద. ఏందో ఎక్స్... గ్రేషియా అంటున్రు. జర నింపియ్యి."

"ఎక్స్‌గ్రేషియానా? పేరు చివర చూడమ్మా, 'ఇయ్య' అని ఉంది. ఇచ్చేవాడు పేరులోనే చెప్పేశాడు, నేనియ్యా అని!"

కృష్ణకుమారి నవ్వింది. శేఖర్ పోయాక ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదలు. జోకు పేలిందని పొంగిపోయాను. అది ఎవరి నెత్తిన పేలబోతోందో అప్పుడు తెలీదు.

"పైసలు బిడ్డ ఫీజుకు పనికొస్తయి. గని కాగితం మా అత్తకు కావాలె," అంది. ఊళ్ళో ఉన్న అత్తగారు అండాలమ్మ, కొడుకుది కరోనా కానే కాదని, మామూలు జ్వరానికి దవాఖానకి తీసుకుపోకుండా కోడలే చంపుకుందని, తొమ్మిది నెలలుగా వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెబుతోందట. "సర్కారు రాసిస్తే నమ్ముతది అన్నా. నేను చెప్తే నమ్మది."

దరఖాస్తుకి ముఖ్యంగా మూడు కావాలి. మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల కాగితం, పాజిటివ్ రిపోర్టు. మొదటి రెండూ ప్లాస్టిక్ కవర్లోంచి తీసి బల్ల మీద పెట్టింది. మూడోది ఫోన్‌లో చూపించింది. చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను.

"ఇది ఎవరి రిపోర్టమ్మా?"

"మా ఆయనదే."

"పేరు శ్రీరామమూర్తి అని ఉంది. వయసు యాభై నాలుగు!"

"గది మా ఇంటి ఓనరు సారు పేరు. ముక్కుల పుల్ల పెట్టింది మాత్రం మా ఆయనకే."

నా జన్మలో మొదటిసారి ఒక వాక్యాన్ని విరవకుండా అలాగే ఉంచి విన్నాను.

జరిగింది ఇదీ. శేఖర్‌కి జ్వరం వచ్చింది. అతని ఆధార్‌లో ఊరి అడ్రసుంది. లోకల్ ఆధార్ లేకపోతే టెస్టు క్యాంపులో వెనక్కి పంపేస్తారని అల్మాస్‌గూడలో వాళ్ళ గల్లీ అంతా అనుకుంటున్నారు. ఎవరన్నారో తెలీదు, నిజమా అని ఎవరూ కనుక్కోలేదు. అప్పట్లో వైరస్ కంటే వదంతులు త్వరగా అంటుకునేవి. పై వాటాలో ఉండే శ్రీరామమూర్తి గారు ఆ సంగతి విని, రెండు మాస్కులు పెట్టుకుని కిందికొచ్చి, తన ఆధార్ కార్డు ప్రహరీ గోడ మీద పెట్టి, ఆరడుగులు వెనక్కి జరిగి అన్నారట: "పట్టుకెళ్ళు శేఖర్. ప్రాణం కంటే కార్డు ఎక్కువా?"

ఆ పేరుతోనే, ఆ ఫోన్ నంబరుతోనే టెస్టయింది. పాజిటివ్ అని మెసేజ్ శ్రీరామమూర్తి గారి ఫోన్‌కి వస్తే ఆయనే కృష్ణకుమారికి పంపించారు. కిరాయిదారుకి ఆధార్ ఇచ్చిన ఓనరని గల్లీ అంతా ఆయన్ని మెచ్చుకుంది. ఆరో రోజున శేఖర్‌కి ఊపిరందలేదు. ఆటోలో వేసుకుని కర్మన్‌ఘాట్ నుంచి ఎల్బీనగర్ దాకా మూడు ఆసుపత్రుల గేట్లు చూశారు. మూడో గేటు తెరుచుకునేసరికి లోపలికి తీసుకెళ్ళాల్సిన అవసరం తీరిపోయింది. ఎక్కడా చేరలేదు కాబట్టి ఎక్కడా కేసు షీటు లేదు. శేఖర్ కరోనాతో పోయాడనడానికి ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క ఆధారం శ్రీరామమూర్తి గారి ఆధార్ మీదుంది.

కలెక్టరాఫీసులో నాకు తెలిసిన గుమస్తా ఒకాయన్ని అడిగాను. "ఆ శాంపిల్ నాది కాదు, ఫలానా శేఖర్‌ది అని కార్డు గలాయన అఫిడవిట్ ఇస్తే జిల్లా కమిటీ ముందు పెట్టొచ్చు. అది లేకపోతే నా చేతిలో ఏం లేదు," అన్నాడు.

"చూశావా అమ్మా," అన్నాను కృష్ణకుమారితో, "అఫిడవిట్టులో కూడా విట్టుంది! ఇంక నాకు ఎదురేముంది? మీ సారు మా వైపు మనిషే. మా ఊరికి వాళ్ళ ఊరు మూడు మైళ్ళు. సంతకం నేను పెట్టించుకొస్తా."

శ్రీరామమూర్తి గారు ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. కృష్ణా జిల్లా. వరసకి ఏమీ కాకపోయినా బాబాయ్ గారూ అంటాను. ఆదివారం వెళితే వాళ్ళావిడ ఇందిరాదేవి గారు ఫిల్టర్ కాఫీ ఇచ్చారు. ఆయన నా మాట పూర్తి కాకుండానే, "దానిదేముందోయ్, సంతకమే కదా! పాపం, మంచి పిల్లాడు శేఖర్," అన్నారు. గ్లాసు కింద పెడుతున్న ఇందిరాదేవి గారు ఆయన వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయారు. నేను కాఫీ బాగుందని పొగిడాను. చూడాల్సింది చూడకుండా తాగాల్సింది తాగాను.

మరుసటి వారం మౌఢ్యం అన్నారు. "అఫిడవిట్‌కి ముహూర్తమేంటి బాబాయ్ గారూ, దానికేమైనా పెళ్ళా?" అంటే నవ్వారు. ఆ తర్వాత మార్చి నెలాఖరు, లెక్కల ముగింపు అన్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం ముగించారు.

ఒక రోజు, అసలు అఫిడవిట్ నేనే టైపు చేసి చేతిలో పెడితే కాదనరు కదా అనుకుని, ఆయన పూర్తి పేరు, తండ్రి పేరు పాత దరఖాస్తుల్లో ఉంటాయేమోనని కంప్యూటర్లో శ్రీరామమూర్తి అని కొట్టి వెతికాను. ఒక ఫోల్డర్ వచ్చింది. తేదీ ముందు ఏడాది జూన్ నాలుగు.

అందులో రెండు కాగితాలున్నాయి. ఒకటి కరోనా ఇన్సూరెన్స్ పాలసీ క్లెయిమ్ ఫారం. రెండోది ఆఫీసుకి ఉత్తరం: నాకు కోవిడ్ పాజిటివ్ వచ్చినందున పద్నాలుగు రోజుల ప్రత్యేక సెలవును జీతంతో మంజూరు చేయగలరు. రెండింటికీ జత చేసిన రిపోర్టు ఒకటే. నంబరు కృష్ణకుమారి ఫోన్లో ఉన్న నంబరే.

ఆ ఉత్తరం టైపు చేసింది నేనే. ఆ రోజుల్లో అలాంటివి రోజుకి ఇరవై కొట్టేవాణ్ణి, ఎవరిదేదో గుర్తుండేది కాదు. ఫారం నింపి, కింద నింపినవారి చోట నా షాపు స్టాంపు గుద్దింది నేనే. "మీకు కూడా వచ్చిందా బాబాయ్ గారూ? రాముడికి పద్నాలుగేళ్ళు, మీకు పద్నాలుగు రోజులు!" అని ఆ రోజు నేను వేసిన జోకు కూడా గుర్తొచ్చింది. ఆయన పడీ పడీ నవ్వారు. ఎందుకంత నవ్వారో పది నెలలకి అర్థమైంది.

శేఖర్ మే పందొమ్మిదిన సెలవు తీసుకున్నాడు. ఆయన జూన్ నాలుగున సెలవు పెట్టారు. ఒకే రిపోర్టు, ఒక ఇంట్లో క్లేశం, పై వాటాలో క్లెయిమ్.

మంగళవారం ఆయన కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి వస్తారు. రామమూర్తిని హనుమంతుడి గుమ్మంలోనే పట్టుకున్నాను, చెప్పుల స్టాండు దగ్గర. ఫోల్డర్ సంగతి చెప్పాను. ఆయన ప్రసాదం పొట్లం విప్పబోయి మళ్ళీ మడిచారు.

"కార్డిచ్చినప్పుడు నా మనసులో ఏ దురుద్దేశమూ లేదు ప్రసన్నా. హనుమంతుడి సాక్షి."

"నమ్ముతాను బాబాయ్ గారూ."

"మెసేజ్ నా ఫోన్‌కి వచ్చింది. మీకు పాజిటివ్ అని. అందరూ కట్టారని నేనూ ఆ పాలసీ కట్టాను, ఊరికే పోతుంది కదా అనిపించింది. కాగితం ప్రకారం వచ్చింది నాకే కదా."

"శేఖర్ పోయిన పదహారు రోజులకి మీరు నా షాపుకి వచ్చారు."

ఆయన చెప్పులు తొడుక్కున్నారు. కుడిది ఎడమ కాలికి తొడిగి మళ్ళీ మార్చుకున్నారు.

"ఇప్పుడు అది నాది కాదని సంతకం పెడితే నా ఉద్యోగం ఉండదు. రిటైర్మెంటుకి మూడేళ్ళుంది. పైగా కేసు. ఆ కేసులో నేనొక్కణ్ణే ఉండనోయ్. ఫారం నింపిందెవరు? స్టాంపు ఎవరిది? తెలియక చేశానంటే ఎవరు నమ్ముతారు?" నా భుజం మీద చెయ్యి వేశారు. "ఊరుగాని ఊరొచ్చి బతుకుతున్నాం. మనం మనం ఒకళ్ళనొకళ్ళం కాపాడుకోవాలి."

మనం అనే మాటకి ఒక్క ఔత్వం తగిలిస్తే మౌనం అవుతుంది. ఆ సాయంత్రం నేను చేసిన వ్యాకరణం అంతే. ఇంటికెళ్ళి అన్నం తిన్నాను. విజయదుర్గ అడిగింది, ఏంటి ఇవాళ నోరు మెదపట్లేదు, జ్వరమా అని.

మూడు రోజుల తర్వాత కృష్ణకుమారి వచ్చింది. హాస్టల్లో పొద్దుటి వంట ముగించి నేరుగా వచ్చినట్టుంది, చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి.

"అన్నా, ఇందిరమ్మ గారు నిన్న నన్ను పిల్చి చెప్పింది. సారు గా రిపోర్టు మీద పాలసీ పైసలు తీస్కున్నడంట. తనకు ఇష్టం లేకుండెనంట, ఏడ్సింది. సారు ఇగ సంతకం పెట్టడు, నువ్వు అడగకు అన్నది." ఆగింది. "గా ఫారం నీ దగ్గరనే నింపిండంట గద. నీ కంప్యూటర్ల ఉన్నదా? గది కమిటీ సార్లకు చూపెడితే, సంతకం లేకున్నా నిజం తెలుస్తది గద."

మానిటర్ నా వైపు తిరిగి ఉంది. ఫోల్డర్ తెర మీదే ఉంది. ఆమె నిలబడ్డ చోటుకి తెర వెనకభాగం, దుమ్ము పట్టిన వైర్లు కనిపిస్తాయి.

"అయ్యో, ఆ పాత హార్డ్‌డిస్క్ పాడైపోయిందమ్మా. అన్నీ పోయాయి," అన్నాను.

పాడైంది హార్డు కాదు, హార్టు. కానీ ఆ మాట పైకి అనలేదు.

"పోయిందా? పోనీలె అన్నా, నువ్వేం జేస్తవ్," అంది. "నా కోసం గన్నిసార్లు సారు ఇంటికి తిరిగినవు. సొంతోళ్ళే ఫోన్ ఎత్తుతలేరు. నువ్వన్న ఉన్నవు."

తను వెళ్ళాక ఒక కోచింగ్ కుర్రాడొచ్చి హాల్‌టికెట్ అడిగాడు. వేరే వాడి హాల్‌టికెట్ ప్రింటు తీసిచ్చాను. వాడు పేరు చూసి, "అంకుల్, ఇది నేను కాదు," అన్నాడు. నిజమే, వాడికైనా తెలిసింది.

ఏప్రిల్‌లో శ్రీరామమూర్తి గారు షాపుకి వచ్చారు. నన్ను అడక్కుండానే కృష్ణకుమారికి ఫోన్ చేసి రమ్మన్నారు. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన జేబులోంచి లావుపాటి కవరు తీసి బల్ల మీద, స్టేప్లర్ పక్కన పెట్టారు.

"అమ్మాయ్, నీకు అన్యాయం చేసే మనిషిని కాదు. సర్కారు ఇచ్చేది యాభై, నేనిచ్చేదీ యాభై. ఆ ఆఫీసుల చుట్టూ, కమిటీల చుట్టూ తిరగక్కర్లేదు. ప్రసన్న కూడా ఇక్కడే ఉన్నాడు. పరిహారం ఎవరిస్తే ఏంటి?"

పరిహారంలో ఒక్క అక్షరం మారితే పరిహాసం. నాకు తట్టింది. ఇద్దరిలో ఎవరి మొహం చూసినా పైకి అనే ధైర్యం రాలేదు.

కృష్ణకుమారి కవరు వైపు చూడలేదు. ఆయన వైపే చూసింది.

"సారూ, మీరు కార్డిచ్చిన్నాడు మా ఆయన మీ కాళ్ళు మొక్కుతనన్నడు. మీకు అంటద్దని గోడ అవతలికెల్లి మొక్కిండు. యాదికున్నదా?"

"ఉందమ్మా."

"సర్కారు ఇచ్చేది, మా ఆయన కరోనాతోని సచ్చిండని ఇస్తది. మీరు ఇచ్చేది, గట్ల సావలేదని ఒప్పుకొమ్మని ఇస్తున్రు. రెండు యాభైలు ఒక్కటెట్లయితయి?"

ఆయన లెక్కల మనిషి. ఆ లెక్క వదిలేసి ఇంకో లెక్క తీశారు. "నీ మంచికే చెబుతున్నాను, ఇల్లు కూడా అల్మాస్‌గూడలో ఇంత కిరాయికి ఎక్కడా దొరకదు," అన్నారు. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనకే బాగోలేదనిపించిందేమో, గబగబా కవరు తీసి జేబులో పెట్టుకున్నారు. అది జేబులో సరిగ్గా పట్టలేదు. సగం బయటికి కనిపిస్తూనే మెట్రో మెట్లెక్కి వెళ్ళిపోయారు.

కృష్ణకుమారి వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. అన్ని నెలల్లో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. ఎప్పుడొచ్చినా నిలబడే మాట్లాడేది.

"అన్నా, ఇగ సంతకం లేకున్నా రాద్దాం. జరిగింది జరిగినట్టు రాయి. కార్డు గోడ మీద పెట్టింది, మా ఆయన పోయింది, సారు పాలసీ తీస్కున్నది, అంత రాయి. కింద సాక్షి కాడ నీ పేరు పెట్టు. ఫారం నీ చేతులతోనే నింపినవు గద. కంప్యూటర్ల పోతే పోయింది, నీ యాదిల ఉన్నది గద. గంతే సాలు."

టైపు చేశాను. గౌరవనీయులైన జిల్లా కమిటీ వారికి అని మొదలుపెట్టాను. ఆమె చెప్పిందంతా చెప్పినట్టే కొట్టాను, ఒక్క మాట కూడా విరవలేదు. కింద సాక్షి అని కొట్టి, రెండు చుక్కలు పెట్టి, ఆగిపోయాను. చుక్కల పక్కన తెర మీద ఆ సన్నటి గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. నా పేరులో ఆరక్షరాలే. ముప్పై ఏళ్ళుగా లోకంలో వాళ్ళందరి పేర్లూ కొట్టిన వేళ్ళు అక్కడ కదల్లేదు. నోటితో చెబితే చాలు అంటోంది కృష్ణకుమారి. ఫైలు లేదనుకుని నా మాటని నమ్ముకుంటోంది. ఫైలుండగా వట్టి మాట మీద పంపిస్తే కమిటీ వాళ్ళు ఆ కాగితం పక్కన పడేస్తారు. అది నాకు తెలుసు, ఆమెకి తెలీదు.

"అమ్మా," అన్నాను. "ఫైలు పోలేదు."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. "దొరికిందా?" అంది, మొహం విప్పారింది.

"పోనేలేదు. ఆ రోజు కూడా ఇక్కడే ఉంది." మానిటర్ ఆమె వైపు తిప్పాను. ఫారం తెరిచాను. ఉత్తరం తెరిచాను. ఆమె చదవలేకపోయినా రిపోర్టు గుర్తుపట్టింది.

"గప్పుడు పోయిందన్నవు."

"అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"స్టాంపు నాది. కేసైతే షాపు పోతుందని భయం."

తెర మీది స్టాంపుని వేలితో తాకి చూసింది. బయట రోడ్డు మీద కోచింగ్ సెంటర్ వాళ్ళ ప్రచారం ఆటో ఒకటి మైకులో ర్యాంకులు అరుచుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆగింది.

"సారుకు నౌకరి పోతదని భయం. నీకు దుకాణం పోతదని భయం. మీ ఇద్దరి భయాల నడుమ మా ఆయన కరోనాతోని సావనే లేదు," అంది. గొంతు పెంచలేదు. "సారు మీద నాకు గింత గూడ ఆశ లేకుండె. గందుకే మొన్న ఏడ్పు రాలె. గా దినం నీ దగ్గరికెల్లి పోయినంక బస్సుల నా బిడ్డకు ఫోన్ చేసి చెప్పిన, ప్రసన్న మామ ఉన్నడు, అయితదిలే అని."

సాక్షి పక్కన నా పేరు కొట్టాను. ప్రింటు తీశాను. దరఖాస్తు, క్లెయిమ్ ఫారం, సెలవు ఉత్తరం, రిపోర్టు. నా షాపు స్టాంపు ఉన్న పేజీ మీద అన్నిటికంటే నల్లగా పడింది ఆ స్టాంపే. దరఖాస్తు కింద సంతకం పెట్టాను. ప్రసన్నలో వొత్తు పక్కకి పోయింది. కాగితాలన్నీ వరసగా పేర్చి పిన్ను కొట్టాను.

"దీనికి మూడు జిరాక్స్ సెట్లు జత చెయ్యాలమ్మా. ఇటివ్వు, తీసిస్తా," అని చెయ్యి చాచాను.

"వద్దు సారూ," అంది కృష్ణకుమారి.

కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. గుమ్మం దిగి, రెండు బస్సులు పోయేదాకా ఆగి, రోడ్డు దాటింది. అవతలి షాపులో నలుగురు కోచింగ్ పిల్లలు జిరాక్స్ కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక వెళ్ళి నిలబడింది.